ఎలాగూ విప్పాం కదా: పాత బండి బాగుచేసేటప్పుడు పని పెరిగిపోకుండా చూసుకోవడం

వెనక బ్రేకు షూలు మార్చాలి. అంతే పని. ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుందనుకున్నాను. అన్నయ్య కాలేజీ రోజుల్లో నడిపిన టూ స్ట్రోక్ బండి అది. 14 ఏళ్ళు మెట్ల కింద పట్టా కప్పుకుని నిలబడి ఉంది. ఒక్కటే సిలిండరు, పాయింట్ల ఇగ్నిషన్, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. విప్పి బిగించడానికి ఇంతకన్నా తేలికైన బండి దొరకదు. అది మళ్ళీ రోడ్డెక్కేసరికి 19 నెలలు పట్టింది.

ఏం జరిగిందో వరుసగా చెబుతాను. పాత బండి మీద చెయ్యి వేసిన చాలామందికి కొద్ది తేడాలతో ఇదే వరుస ఎదురవుతుంది. వెనక యాక్సిల్ తుప్పు పట్టి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌లో బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టాను, చివరి మరలు చితికిపోయాయి. అలా కొత్త యాక్సిల్ కావలసి వచ్చింది. చక్రం బయటికొచ్చాక చూస్తే స్ప్రాకెట్ పళ్ళు కొంకుల్లా ఒక పక్కకి వంగి ఉన్నాయి. స్ప్రాకెట్ మారిస్తే చైనూ మార్చాలి, ముందు స్ప్రాకెట్టూ మార్చాలి. ఆ మూడూ కలిసి అరుగుతాయి, ఒక్కటే కొత్తది వేస్తే మిగతా రెండూ దాన్ని త్వరగా తినేస్తాయి. ముందు స్ప్రాకెట్ కోసం ఇంజిన్ ఎడమ కవరు తీశాను. దాని వెనక గేరుబాక్సు షాఫ్టు సీలు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం) చుట్టూ నల్లటి జిడ్డు. పక్కనే స్పార్కుకి కరెంటు పుట్టించే మాగ్నెటో. ఎలాగూ విప్పాం కదా అని దాన్నీ లాగితే, దాని వెనక క్రాంక్ (పిస్టన్ కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) సీలు రాయిలా గట్టిపడి, అంచు పొడుగునా బీటలు. క్రాంక్ చివర పట్టుకుని ఊపితే బేరింగు కదులుతోంది. మూడో నెల చివరికి ఇంజిన్ ఫ్రేములోంచి దిగిపోయింది.

అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు, "ఏమ్మా, బండి ఎంతవరకొచ్చింది?" అని. ఏం చెప్పాలో తెలిసేది కాదు.

"ఎలాగూ విప్పాం కదా." పనిని పెంచే మాట ఇదే. కానీ ఆ మాటను నేను తప్పుపట్టను. ఆ క్రాంక్ సీలు చూడకుండా బండి నడిపి ఉంటే పిస్టన్ పట్టేసేది. అదే నెలలో అదే మాట అనుకుని, క్రోమ్ పూత వేయిద్దామని హెడ్‌లైటు రిమ్ము కూడా ఊడదీశాను. అది 11 నెలలు అట్టపెట్టెలో పడి ఉంది. మొదటిసారి ఆ మాట ఇంజిన్‌ని కాపాడింది, రెండోసారి ఊరికే పని పెంచింది. ఈ రెంటినీ అప్పటికప్పుడు విడదీయడం ఎలాగో నాకు తెలిసినంతలో చెబుతాను.

విప్పకముందు ఒక రోజు

పానా పట్టుకునే ముందు ఒక రోజంతా బండిని చూడటానికే పెట్టండి. నోటుపుస్తకం, టార్చిలైటు, స్కేలు, మల్టీమీటరు ఉంటే చాలు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి గుంతలో పడినట్టు ఆగుతోందంటే స్టీరింగు గోళీల కప్పులు గుంటలు పడ్డాయన్నమాట. ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, చక్రాన్ని పక్కలకి ఊపండి, ఎక్కడ లూజుందో చెయ్యే చెబుతుంది. చిన్న పానాతో ఒక్కో స్పోకునీ తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2309 అని ఉంటే అది 2009లో 23వ వారంలో తయారైన టైరు. మూడే అంకెలున్నాయంటే 2000కి ముందుది. పైకి ఎంత మెరిసినా అన్నేళ్ళ రబ్బరు మీద బండి నడపకూడదు.

చైను అరుగుదలని స్కేలుతో తేల్చేయవచ్చు. అరంగుళం పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) ఉన్న చైనులో 20 లింకుల పొడవు 254 మిల్లీమీటర్లు ఉండాలి. బిగువుగా లాగి కొలిస్తే 259 దగ్గరకొచ్చిందా, దాని పని అయిపోయింది. నేనీ కొలత మొదటి రోజే తీసుకుని ఉంటే స్ప్రాకెట్ల సంగతి చక్రం తీయకముందే తెలిసేది. చైనూ స్ప్రాకెట్లూ ముందే తెప్పించుకునేదాన్ని.

ఇక ఇంజిన్. ప్లగ్ తీసి, సిలిండరులో కాస్త ఆయిల్ పోసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తిరగకపోతే కిక్కు మీద ఎక్కి తొక్కొద్దు, కిక్కు పళ్ళు విరిగి గేరుబాక్సులో పడతాయి. ప్లగ్ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి నాననివ్వండి, రోజుకోసారి చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ కదపండి. తిరిగితే, స్పార్కు ఉంటే, ఒక చిన్న సీసాలో కొత్త పెట్రోలు, సరైన పాళ్ళలో ఆయిల్ కలిపి ఒక్క నిమిషమైనా స్టార్ట్ చేసి చూడండి. అంతకన్నా ఎక్కువసేపు వద్దు, లోపల సీళ్ళు ఎలా ఉన్నాయో ఇంకా తెలియదు. ఆ ఒక్క నిమిషంలో పొగ రంగు, లోపలి చప్పుడు, గేర్లు పడటం అన్నీ తెలుస్తాయి. నేను అది చేయలేదు. అందుకే ఇంజిన్ మళ్ళీ బిగించాక రెండో గేరు జారుతుంటే, అది పాత జబ్బో నా చేతిలో జరిగిన పొరపాటో తెలియక వారం రోజులు టెన్షన్ పడ్డాను.

నాలుగు పేజీలు

స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఏదైనా రాసి చూసుకోవడం అలవాటు. ఏడో నెలలో పని పూర్తిగా ఆగిపోయింది. ఫ్రేము ఒక మూల, ఇంజిన్ ఇంకో మూల, ఏది ముందు చేయాలో తెలియని స్థితి. అప్పుడు నోటుపుస్తకంలో నాలుగు పేజీలు చేశాను.

మొదటి పేజీకి "ప్రాణం" అని పేరు పెట్టాను. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, చక్రాల బేరింగులు, పెట్రోలు కారడం, థ్రాటిల్ వదిలితే వెనక్కి రాకపోవడం. ఇందులో ఒక్క వరుస మిగిలినా బండి ఇంటి ముందు వీధిలోకి కూడా వెళ్ళదు. రెండో పేజీ "నష్టం". ఇప్పుడు వదిలేస్తే మరో భాగాన్ని పాడుచేసేవి ఇక్కడికొస్తాయి. క్రాంక్ సీలు, అరిగిన చైను, ట్యాంకు లోపలి తుప్పు ఇలాంటివి. మూడోది "దారిలోవి". పాడవలేదు గానీ, ఇప్పుడు చేతికి అందుతున్నాయి, తర్వాత అందవు. నాలుగోది "తర్వాత".

కొత్త లోపం కనబడిన ప్రతిసారీ, పానా కింద పెట్టి అది ఏ పేజీలోదో రాసేదాన్ని. మొదటి రెండు పేజీల విషయంలో తర్కం అక్కర్లేదు, చేయాల్సిందే. కష్టమంతా మూడుకీ నాలుగుకీ మధ్య ఉంటుంది. అక్కడ నేను అడిగే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఇప్పుడు వదిలేస్తే, మళ్ళీ ఇక్కడికి రావడానికి ఎన్ని గంటలు విప్పాలి? క్లచ్ ప్లేట్ల వెనకుండే సీలు అయితే ఒక పూటంతా విప్పాలి, ఆయిల్ తీసేయాలి, ప్యాకింగు మళ్ళీ కొనాలి. వేలెడంత సీలు కోసం అంత పని రెండుసార్లు చేయడం తెలివి కాదు, ఇప్పుడే మార్చేయండి. హెడ్‌లైటు రిమ్ముకి స్క్రూలు విప్పితే ఐదు నిమిషాలు. అది ఎప్పుడైనా చేయొచ్చు కాబట్టి ఇప్పుడు చేయకూడదు.

ఒక హెచ్చరిక. మూడో పేజీలో భాగం "కనబడింది" అన్నది కారణం కాదు. కొలవండి. గేరుబాక్సు తెరిచినప్పుడు గేర్లన్నీ కొత్తవి వేసేద్దామనిపించింది. ఒకదాన్నొకటి పట్టుకునే పళ్ళ మూలలు పదునుగానే ఉన్నాయి, గేర్లని జరిపే ఫోర్కుల మందం మాన్యువల్‌లో ఇచ్చిన హద్దులోనే ఉంది. శుభ్రం చేసి అవే పెట్టేశాను.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను, నన్ను బయటపడేసింది నిజానికి ఇదే. ఒకేసారి రెండు విభాగాలు తెరవకూడదు. ఇంజిన్ బిగించేవరకు వైరింగు ముట్టుకోకూడదు, వైరింగు అయ్యేవరకు ఫోర్కులు విప్పకూడదు. చాలా బళ్ళు అట్టపెట్టెల్లోనే ఆగిపోవడానికి అసలు కారణం మతిమరుపు అని నా నమ్మకం. మూడు నెలలు గడిస్తే ఏ వాషరు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ప్రతి భాగాన్నీ తీయకముందు ఒక ఫోటో, సగం తీశాక ఒకటి. సంచీ మీద పేరు, తేదీ. ఇంజిన్ కవరు స్క్రూలు ఒకేలా కనిపించినా పొడవులు వేరు. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ స్క్రూని ఆ చోటే గుచ్చండి. పొడవాటిది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే లోపల అల్యూమినియం పగిలిపోతుంది.

మొండి స్క్రూలు

జపాన్ పద్ధతిలో చేసిన ఇంజిన్ల మీద స్టార్ స్క్రూల్లా కనిపించేవి చాలావరకు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) స్క్రూలు. తల మీద చిన్న చుక్క ఉంటే అనుమానమే అక్కర్లేదు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటి గాట్లలో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాటుని గుండ్రంగా కొరికేస్తుంది. జేఐఎస్ బిట్టు, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు, ఈ రెండూ మొదటి రోజే తెచ్చుకోండి. ఇంకా రాకపోతే చుట్టూ ఉన్న అల్యూమినియంని వేడి గాలితో వేడి చేయండి. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, అందువల్ల పట్టు సడలుతుంది. దగ్గర్లో పెట్రోలు లేదని ముందు చూసుకోండి.

మీది పాత బ్రిటిష్ బండి అయితే మరల లెక్కే వేరు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరల కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. ఆ పానాల మీద రాసిన సైజు బోల్టు తలది కాదు, బోల్టు కాడది. 5/16 విట్‌వర్త్ బోల్టూ 8 మిల్లీమీటర్ల బోల్టూ చూపుకి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు చేత్తో తిరుగుతాయి కూడా. తర్వాత పానాతో బిగిస్తే మర మొత్తం ఊడి వస్తుంది. ఏ బోల్టయినా చివరిదాకా వేళ్ళతో తిరగాలి. తిరగలేదంటే అది ఆ చోటిది కాదు.

ఇంజిన్

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. టూ స్ట్రోక్ గురించి తెలియక ఇంజిన్లు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం ముందు క్రాంక్ ఉన్న గదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి సిలిండరులోకి ఎక్కుతుంది. అంటే ఆ గదికి గాలి చొరబడకుండా కాపలా కాసేవి క్రాంక్ రెండు చివర్ల ఉన్న సీళ్ళే. గేరుబాక్సు వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ని లోపలికి పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది, ఆ గుర్తు కంటికి కనిపిస్తుంది. మాగ్నెటో వైపు సీలు పోతే బయటికి ఏ మరకా ఉండకపోవచ్చు. అదనపు గాలి లోపలికి వెళ్ళి మిశ్రమం పల్చబడుతుంది, సిలిండరు మితిమీరి వేడెక్కుతుంది, ఒక రోజు నిండు వేగంలో పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుంది. థ్రాటిల్ వదిలాక కూడా ఇంజిన్ వేగం వెంటనే తగ్గకుండా పైనే వేలాడుతుంటే ముందుగా ఈ సీలునే అనుమానించండి.

సిలిండరు బ్లాకు తీశాక కనెక్టింగ్ రాడ్‌ని పైకీ కిందకీ లాగి చూడండి. ఆ దిశలో కొంచెం కూడా లూజు ఉండకూడదు. పక్కలకి కొద్దిగా కదలడం మామూలే, ఎంతవరకన్నది మాన్యువల్ చెబుతుంది. మాగ్నెటో చక్రాన్ని దాని పుల్లరుతోనే లాగాలి, సుత్తి వద్దు. ఇంజిన్ రెండు సగాలు విడదీసేటప్పుడు సందులో స్క్రూడ్రైవరు దూర్చి తిప్పారంటే ఆ ముఖం మీద గాటు పడుతుంది, అక్కణ్ణుంచే గాలి వెళుతుంది, మళ్ళీ మొదటికి. బేరింగుల కోసం ఖాళీ కేసుని 100 డిగ్రీల దాకా సమంగా వేడి చేస్తే పాతవి తట్టగానే రాలతాయి. కొత్తవాటిని ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే వేడి కేసులోకి దాదాపు వాటంతటవే దిగుతాయి.

బోరు పని (సిలిండరు లోపలి గోడని కోసి సరిచేయడం) చేసే పెద్దాయన దగ్గరికి నేను ఒట్టి బ్లాకు పట్టుకుని వెళ్ళాను. "పిస్టన్ ఏదమ్మా?" అన్నాడు. మీరు బోరు చేశాక తెస్తాను బాబాయ్ అన్నాను. "పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు కొయ్యాలి తల్లీ, ఒకే సైజని రాసినా ఏ రెండు పిస్టన్లూ ఒక్కలా ఉండవు" అని తిప్పి పంపాడు. గాలితో చల్లబడే చిన్న ఇంజిన్లలో పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. అందుకే ముందు పిస్టన్ తెప్పించండి, తర్వాతే బోరు. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి, రింగు చివర్లు గాడిలోని చిన్న పిన్నుకి ఇటూ అటూ కూర్చోవాలి. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు ఒకసారి తీశాక మళ్ళీ వాడొద్దు.

బిగించాక ఫ్రేములోకి ఎక్కించకముందే గాలి పరీక్ష చేయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు రబ్బరు బిరడాలతో మూసి, 6 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) గాలి మాత్రమే ఎక్కించి, కొన్ని నిమిషాలు గేజి ముల్లు పడిపోతుందేమో చూడాలి. అంతకన్నా ఎక్కువ ఎక్కిస్తే సీళ్ళ అంచులు తిరగబడతాయి. నా ఇంజిన్‌లో ముల్లు పడింది. సబ్బునీళ్ళు రాస్తే బుడగలు కొత్త సీళ్ళ దగ్గర రాలేదు, బ్లాకు కింద ప్యాకింగు దగ్గర వచ్చాయి. పాత ప్యాకింగు పీలిక ఒకటి గీకకుండా వదిలేశాను. బల్ల మీద ఉండగా అది ఒక గంట పని.

మిగతావి

ట్యాంకు లోపలి తుప్పుకి సిట్రిక్ యాసిడ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళు ఒక రోజు నింపి ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, ఆయిల్ కలిపిన పెట్రోలు లోపలంతా తడిసేలా తిప్పండి. ఆలస్యం చేస్తే గంటలోనే కొత్త తుప్పు మొదలవుతుంది. చిల్లు ఉంటే ఇంట్లో వెల్డింగు మాట తలపెట్టొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది.

కార్బొరేటరు జెట్లని తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. ద్రావణంలో నానబెట్టి గాలి కొడితే చాలు. పాత బ్రేకు షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములోని దుమ్ముని గాలితో ఊదొద్దు, సబ్బునీళ్ళతో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచీలో కట్టి పారేయండి.

వైరింగులో సగం తగవులు ఎర్త్ దగ్గరే. లైటు వెలుగుతుండగా బల్బు ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పో పెయింటో అడ్డుంది. ఫ్రేముకి కొత్త పౌడర్ కోటింగు వేయించినవాళ్ళకి ఇది తప్పకుండా ఎదురవుతుంది, ఎర్త్ బోల్టు కింద కోటింగు గీకాలి. కోటింగుకి పంపేముందు మరలున్న ప్రతి రంధ్రంలో పాత బోల్టు పెట్టి, బేరింగు కప్పులు కూర్చునే చోట్లు మూయించండి. ఫ్రేము నంబరు చెరిగిపోకుండా చూడమని నోటితో చెప్పడమే కాదు, దాని మీద టేపు మీరే వేసి పంపండి.

రోడ్డు మీద

మొదటిసారి బయటికి తీసినప్పుడు 10 కిలోమీటర్లు మించొద్దు. జేబులో పానాలు ఉండాలి. తిరిగొచ్చి ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకి మళ్ళీ చూడండి. స్పోకులు, యాక్సిల్ నట్లు, ఇంజిన్ పట్టే బోల్టులు చూడండి. ప్లగ్ తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగు మంచిది, తెల్లగా కాలినట్టుంటే మిశ్రమం పల్చగా ఉంది, ఇక ఆ రోజుకి నడపొద్దు. కొత్త రింగులు కుదురుకునేదాకా ఒకే వేగంలో లాగించకుండా హెచ్చిస్తూ తగ్గిస్తూ నడపండి.

అన్నయ్య సెలవుకి వచ్చినప్పటికి 300 కిలోమీటర్లు తిరిగింది. కిక్కు కొట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు చప్పుడు విన్నాడు. "రెండో గేరు ఇలాగే జారేది, అప్పుడు కూడా" అన్నాడు. గేరు లీవరు పక్క సర్దుబాటు స్క్రూ అర చుట్టు తిప్పితే సరిపోయింది.

500 కిలోమీటర్లకి గేరు ఆయిల్ తీసి తెల్లగుడ్డ మీద పోసి చూశాను. సన్నటి మెరుపు తప్ప ముక్కలేమీ లేవు. కొత్త ఆయిల్ పోశాను. ఆ తర్వాతే నాలుగో పేజీ తెరిచాను. మొదటి వరుసలో హెడ్‌లైటు రిమ్ము ఉంది.